కొత్తగా కొన్న ఎగ్జాస్ట్ పార్టులో లోపం ఉంటే ఏం చెయ్యాలి: బిగించే ముందు చెకింగ్ నుంచి డబ్బులు వెనక్కి రాబట్టుకునే దాకా

ఎగ్జాస్ట్ అంటే ఇంజిన్ పొగని బయటికి పంపే గొట్టాల వరస. కంపెనీ పార్టు కాకుండా బయట కొన్న డౌన్‌పైపో (ఇంజిన్ దగ్గరి ముందు పైపు), మధ్య పైపో, వెనక సైలెన్సరో డబ్బాలోంచి తీయగానే తళతళా మెరుస్తుంటుంది, అది చూసి ఇంకేం ఉంది అంతా బాగానే ఉందనుకుని చాలామంది నేరుగా తీసుకెళ్ళి మెకానిక్ చేతిలో పెట్టేస్తారు, అతనేమో పాతది కోసి పడేసి కొత్తది ఎక్కిస్తాడు, ఎక్కకపోతే సుత్తితో రెండు తగిలించి ఎక్కిస్తాడు. ఇక అక్కడి నుంచి మీ చేతిలో ఏమీ ఉండదు. ఎందుకంటే ఒక్కసారి ఇంజిన్ వేడెక్కిందంటే స్టెయిన్‌లెస్ పైపు రంగు మారిపోతుంది, ముందు బంగారం రంగు వస్తుంది తర్వాత నీలం తిరుగుతుంది, ఆ మరక చూపించి షాపతను "వాడేశారు కదండీ, ఇప్పుడు ఎలా తీసుకుంటాం" అంటాడు. అందుకే చెప్తున్నా, పార్టు నేల మీద ఉన్నప్పుడే అన్నీ చూసుకోవాలి, కారు కిందకి ఎక్కాక కాదు.

ముందు డబ్బా సంగతి. ఆన్‌లైన్‌లో తెప్పించినా, ఆటోనగర్‌లోనో హైదరాబాద్ రాణిగంజ్‌లోనో జాంబాగ్‌లోనో కొన్నా సరే, ఫోన్ ఒక చోట నిలబెట్టి వీడియో తీస్తూ విప్పండి, లేబుల్ చింపకండి, పార్ట్ నంబర్ కనపడేలా ఫోటో తీసుకోండి, జీఎస్టీ బిల్లు అడిగి తీసుకోండి. బయట దేశం సరుకైతే డబ్బా మీద దిగుమతి చేసుకున్నవాళ్ళ పేరు, అడ్రస్ ఉండాలి, అది కూడా ఫోటో తియ్యండి, రేపు ఎవరిని అడగాలో తెలియాలి కదా. పాత పార్టుని మాత్రం పని మొత్తం అయ్యే దాకా స్క్రాప్‌కి వెయ్యొద్దు. కొత్తదాన్ని పాతదాని పక్కన పడుకోబెట్టి పొడవు, వంపులు, కొక్కేల చోటు, ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్ ఎంతుందో ఇంజిన్‌కి చెప్పే పరికరం) బెజ్జాలు ఒక్కొక్కటి పోల్చండి. ఇక్కడ ఒకటి గమనించాలి, ఒకే మోడల్ కారులో బీఎస్4 బండికి, 2020 ఏప్రిల్ 1 తర్వాతి బీఎస్6 బండికి ఎగ్జాస్ట్ చాలాసార్లు వేరేగా ఉంటుంది, సెన్సర్ల సంఖ్యే మారొచ్చు. అలాంటప్పుడు వచ్చింది లోపం ఉన్న పార్టు కాదు, తప్పు పార్టు. షాపతనితో మాట్లాడేటప్పుడు ఈ రెండూ కలిపెయ్యకండి, తప్పు పార్టుకి మార్పిడి వెంటనే దొరుకుతుంది, లోపానికే వాదన అవుతుంది.

ఇప్పుడు వెల్డింగ్ చూడాలి. పార్టుకి పట్టిన ఆయిల్ అంతా గుడ్డతో తుడిచి, రాత్రి పూట గదిలో లైటు ఆర్పేసి, చిన్న టార్చి వెలిగించి పైపు లోపలికి పెట్టండి, అటు చివర గుడ్డ కుక్కండి. బయట నుంచి వెల్డింగ్ వెంబడి మెల్లగా తిప్పుకుంటూ చూస్తే ఎక్కడైనా సన్న బెజ్జం ఉంటే చీకట్లో సూదిమొనంత వెలుగు చుక్క కనపడుతుంది. పగలు ఎంత చూసినా దొరకని బెజ్జాలు కూడా ఇలా చూస్తే బయటపడతాయి. అయితే సైలెన్సర్ డ్రమ్ములో అడ్డుగోడలు ఉంటాయి కాబట్టి అక్కడికి ఈ పద్ధతి పూర్తిగా పనికిరాదు, సూటి పైపులకి, పైపు చివరి బోల్టు బిళ్ళ (ఫ్లాంజ్) జాయింట్లకి బాగా పనికొస్తుంది.

అదే టార్చితో లోపల కూడా చూడండి. వెల్డింగ్ లోపలికి కారి గడ్డకట్టిన ముద్దలు, కోత దగ్గర మిగిలిన పదును అంచులు, స్టెయిన్‌లెస్‌లో అయితే నల్లగా గరుకుగా పొంగిన మచ్చలు ఉన్నాయేమో చూడాలి. ఆ నల్లటి గరుకు ఎందుకొస్తుందంటే వెల్డింగ్ చేసేటప్పుడు పైపు లోపల ఆర్గన్ గ్యాస్ నింపకపోవడం వల్ల, వెనక వైపు గాలి తగిలి మాడిపోతుంది, అలాంటి జాయింటు త్వరగా పగిలే అవకాశం ఎక్కువ. తర్వాత పార్టుని రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఊపండి. లోపల గలగలమంటే ఏదో ఊడి ఉంది. వెనక సైలెన్సర్లో అయితే మోత, విసుగు అంతే. అదే టర్బోకి (పొగ ఒత్తిడితో తిరిగి ఇంజిన్‌లోకి గాలి నెట్టే భాగం) ముందున్న మానిఫోల్డ్‌లో (సిలిండర్ల పొగని ఒక చోటికి చేర్చే గొట్టాలు) ఒక్క ఇనప ముద్ద ఊడినా టర్బైన్ రెక్కలు పోతాయి, క్యాటలిటిక్ కన్వర్టర్‌కి (పొగలో విషవాయువుల్ని తగ్గించే డబ్బా, క్యాట్ అంటారు) ముందు ఊడితే లోపల ఉండే సన్నటి పింగాణీ జాలీ పగులుతుంది. కాబట్టి ముందు భాగం పార్టుల్లో ముద్దలు కనపడితే ఫైలుతో గీకి, గాలి కొట్టి, మళ్ళీ ఊపి చూడకుండా అస్సలు ఎక్కించొద్దు.

లోపాలన్నిట్లో ఎక్కువ కనపడేదీ, ఎక్కువ మందిని ఏడిపించేదీ ఫ్లాంజ్ వంకర. ఫ్లాంజ్ అంటే పైపు చివర బోల్టులు పట్టే మందపాటి బిళ్ళ. పైపుని దానికి వెల్డింగ్ చేశాక ఆ వేడి చల్లారేటప్పుడు లోహం ముడుచుకుంటుంది, ముడుచుకుంటూ ఫ్లాంజ్ చెవుల్ని వెనక్కి లాగుతుంది. బాగా చేసేవాళ్ళు దాన్ని బలమైన జిగ్‌లో (కదలకుండా పట్టి ఉంచే చట్రం) బిగించి వెల్డ్ చేసి, ఆ తర్వాత మొహం మళ్ళీ మెషిన్ మీద సాపు చేస్తారు, ఖర్చు తగ్గించుకునేవాళ్ళు ఆ రెండోది మానేస్తారు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి.

దీన్ని పట్టుకోవడం తేలికే. మందపాటి టేబుల్ గ్లాసు ముక్క ఒకటి తీసుకుని దాని మీద ఫ్లాంజ్ బోర్లించి, ఒక్కో మూల వేలితో నొక్కండి. టక్ టక్ మని ఊగితే వంకర ఉన్నట్టే. ఎంత వంకరో తెలియాలంటే ఫీలర్ గేజ్ (మందం అంకెలు రాసి ఉండే సన్నటి రేకుల కట్ట) కావాలి, ఏ స్పేర్ పార్టుల షాపులోనైనా దొరుకుతుంది, గ్లాసుకీ ఫ్లాంజ్‌కీ మధ్య ఏ రేకు దూరుతుందో చూడండి. నేను పాటించే లెక్క ఏంటంటే, 0.1 ఎంఎం లోపు అయితే మంచి గాస్కెట్ (రెండు ఫ్లాంజ్‌ల మధ్య లీకు ఆపే పొర) సర్దుకుంటుంది, వదిలెయ్యొచ్చు. 0.1 నుంచి 0.3 దాకా అయితే మొహం సాపు చేయించాలి. 0.5 దాటితే ఆ పార్టు వెనక్కే, దాంతో కుస్తీ పట్టక్కర్లేదు. మధ్యలో ఉంటే షాపతని మర్యాద బట్టి.

సాపు చెయ్యడం ఇంట్లోనే చెయ్యొచ్చు. గ్లాసు మీద 80 నంబర్ ఎమరీ పేపరు అతికించి, ఫ్లాంజ్ మొహమంతా నల్ల మార్కర్‌తో రుద్ది, బరువు సమానంగా పడేలా పట్టుకుని గుండ్రంగా అరగదీయండి. నలుపు పోయిన చోటు ఎత్తు, మిగిలిన చోటు పల్లం, మొత్తం నలుపు పోయిందంటే సమం అయినట్టు. పెద్ద వంకరకి లేత్‌లో ఫేసింగ్ చేయించమంటారు కానీ పొడుగు పైపు, వంపులు ఉన్నది లేత్‌లో తిరగదు, చాలా లేత్ షాపులవాళ్ళు చూడగానే వద్దంటారు. దానికి మిల్లింగ్ మెషిన్ ఉన్న షాపు వెతుక్కోవాలి, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల అడిగితే దొరుకుతుంది. వంకర అలాగే ఉంచి బోల్టులు బిగిస్తే సరిపోతుంది అనే మాట మాత్రం నమ్మకండి, చల్లగా ఉన్నప్పుడు పట్టినట్టే ఉంటుంది, వేడెక్కి చల్లారీ వేడెక్కి చల్లారీ స్టడ్లు (తల లేని మర కడ్డీలు) సాగిపోతాయి లేదా విరుగుతాయి, విరిగిన స్టడ్ సిలిండర్ హెడ్‌లో ఉందంటే ఖర్చు పార్టు ధరని మించిపోతుంది. అలాగే లీకు ఆపడానికి రెండు గాస్కెట్లు ఒకదాని మీద ఒకటి వెయ్యడం, సిలికాన్ పేస్టు దట్టంగా పుయ్యడం కూడా వద్దు, మామూలు సిలికాన్ ఆవిరి ఆక్సిజన్ సెన్సర్‌ని పాడుచేస్తుంది, ఎగ్జాస్ట్ వేడికి నిలవదు కూడా. డబ్బాలో వచ్చిన గాస్కెట్ కాగితంలా పల్చగా ఉంటే పక్కన పడేసి కంపెనీ గాస్కెట్ కొనుక్కోండి, తక్కువలో పోతుంది.

బోల్టు బెజ్జాలు చూడ్డానికి ఆ కంపెనీ గాస్కెట్‌నే కొలతగా వాడుకోండి, ఫ్లాంజ్ మీద పెడితే బెజ్జాలు కలవాలి. కాస్త తేడా ఉంటే గుండ్రటి ఫైలుతో సాగదీయొచ్చు, కానీ గాస్కెట్ కూర్చునే చోటుకి దగ్గరగా వచ్చేస్తుంటే ఆపెయ్యండి.

తర్వాత ఆక్సిజన్ సెన్సర్ బెజ్జం. చాలా కార్లకి ఇది ఎం18, 1.5 మర, అంటే 18 ఎంఎం వ్యాసం, మరకీ మరకీ మధ్య 1.5 ఎంఎం. సెన్సర్ చేత్తోనే చివరిదాకా తిరగాలి, స్పానర్ బిగించడానికి మాత్రమే. మొన్నామధ్య మా తమ్ముడి కారుకి తెప్పించిన డౌన్‌పైపులో సెన్సర్ రెండు మరలు ఎక్కి ఆగిపోయింది, మెకానిక్ కుర్రాడు స్పానర్‌కి పొడుగు పైపు తగిలించబోతుంటే ఆపి టార్చి వేసి చూశాం, మర మొదట్లోనే వెల్డింగ్ చుక్క ఒకటి ఆవగింజంత అతుక్కుని ఉంది. బలవంతం చేసి ఉంటే సెన్సర్ మరలు పోయేవి, ఆ సెన్సర్ ధర చిన్నదేం కాదు. ఇలాంటప్పుడు ఎం18 1.5 ట్యాప్ (మర కోసే పనిముట్టు) తీసుకుని, దాని గాడుల్లో గ్రీజు నింపి, చేత్తో సూటిగా తిప్పండి, పొట్టు గ్రీజుకి అంటుకుని వచ్చేస్తుంది లోపల పడదు. ఆ మర కోణం కూడా గమనించండి, సెన్సర్ పైపు పైభాగంలో ఉండాలి, ముక్కు కిందకి చూస్తుండాలి, కింద నుంచి పైకి బిగించేలా వెల్డ్ చేసి ఉంటే చల్లటి ఉదయాల్లో పైపులో చేరే నీళ్ళు సెన్సర్‌లోకి దిగి పింగాణీ పగులుతుంది. ఇది తయారీ తప్పే, వెనక్కి ఇచ్చెయ్యండి. బిగింపు చాలావాటికి 40 నుంచి 50 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ కారు మాన్యువల్ చూసి టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే స్పానర్) బిగించండి.

అయస్కాంతం పెట్టి చూడమని అందరూ అంటారు, దాని గురించి ఒక మాట. బిల్లు మీద 304 (స్టెయిన్‌లెస్ రకం నంబర్) అని రాసి, సూటి పైపుకి అయస్కాంతం గట్టిగా పట్టేసిందంటే అది 304 కాదు, అడగండి. కానీ అయస్కాంతం పట్టిందని ప్రతిదీ నాసిరకం అనుకోవద్దు, కార్ల కంపెనీలే వాడే 409 స్టెయిన్‌లెస్‌కి కూడా పడుతుంది. వంపుల దగ్గర, వెల్డింగ్ దగ్గర 304కి కూడా కొంచెం పట్టడం మామూలే. ఇక చౌకగా దొరికే 201 రకానికి కూడా 304కి లాగే పెద్దగా పట్టదు, కాబట్టి అయస్కాంతంతో ఆ రెంటినీ వేరు చెయ్యలేం. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్ళవాళ్ళు మాత్రం ఈ విషయం పట్టించుకోవాలి, 201 అక్కడ త్వరగా తుప్పు పడుతుంది.

ఇవన్నీ అయ్యాక కారు కింద పెట్టి చూడాలి, బిగించడం కాదు, కూర్చోబెట్టి చూడడం. కారుని జాకీ మీద వదిలేసి కిందకి దూరొద్దు, స్టాండ్లు పెట్టాలి లేదా ర్యాంప్ ఎక్కించాలి, ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి. నట్లన్నీ చేత్తో మాత్రమే పట్టించండి, ముందు నుంచి వెనక్కి. కొక్కేలు రబ్బర్లలోకి వాటంతట అవే వెళ్ళాలి. రబ్బరు ఒక పక్కకి లాగినట్టు ఉంటే కొక్కెం కోణం తప్పు. ఆ కడ్డీని వేడి చేసి కాస్త వంచొచ్చు కానీ షాపతనికి ఫోటో పంపాకే వంచండి. పైపుకీ బాడీకీ, యాక్సిల్‌కీ, బ్రేక్ గొట్టాలకీ, పెట్రోలు లైనుకీ మధ్య ఇరవై పాతిక ఎంఎం ఖాళీ అయినా ఉండాలి, సీఎన్‌జీ కిట్ ఉన్న బండి అయితే ఆ గొట్టాల దగ్గర ఇంకా ఎక్కువ జాగ్రత్త. చల్లగా ఉన్నప్పుడు ఖాళీ ఉంది కదా అనుకోకండి, 304 స్టెయిన్‌లెస్ మీటరు పొడవు పైపు 400 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 7 ఎంఎం సాగుతుంది. ఆ సాగుడు సర్దుకోవడానికే రబ్బర్లు, ముందున్న ఫ్లెక్సిబుల్ పైపు (వంగే అల్లిక పైపు) ఉండేది, అందుకే పైపు పొట్టిగా వచ్చిందని ఫ్లెక్సిబుల్‌ని లాగి సాగదీసి బిగించారంటే అది త్వరలోనే చిరుగుతుంది. పొట్టి పైపు లోపమే, దానికి రిపేరు లేదు.

అన్నీ సరిపోయాయి అనుకుంటే అప్పుడు ముందు నుంచి వెనక్కి ఒక్కో జాయింటు బిగించుకుంటూ రండి, ఆ తర్వాత లీకు పరీక్ష. ఇంజిన్ ఆపి ఉండగానే, బండి చల్లగా ఉన్నప్పుడు, వెనక గొట్టంలోకి బ్లోవర్ గాలి మెల్లగా పెట్టి చుట్టూ గుడ్డ చుట్టండి, ప్రతి జాయింటు మీద, ప్రతి వెల్డింగ్ మీద సబ్బు నీళ్ళు కొట్టండి. బుడగలు వచ్చిన చోటు లీకు. ఈ పరీక్ష మెకానిక్ దగ్గర కూడా పట్టుబట్టి చేయించుకోండి. తర్వాత ఆరుబయట స్టార్ట్ చేసి మొదటి నిమిషంలోనే చెవి పెట్టండి, చల్లగా ఉన్నప్పుడే టిక్ టిక్ మని వినపడుతుంది, వేడెక్కాక లోహం సాగి చిన్న లీకులు మూసుకుపోతాయి, సద్దు ఆగిపోయింది కదా అని వదిలెయ్యొద్దు. షెడ్డులో తలుపులు వేసి మాత్రం ఇంజిన్ ఆన్ చెయ్యకండి, కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండదు, మనిషికి తెలిసేలోపే స్పృహ పోతుంది. కారు కింద లీకుంటే ఆ గ్యాస్ బండి అడుగు సందుల్లోంచి క్యాబిన్‌లోకి కూడా వస్తుంది. పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఏసీ వేసుకుని తిరిగే బండి అది, లీకుని శబ్దం సమస్యగా చూడకండి.

ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌ని చదివే పరికరం) ఉంటే ఫ్యూయల్ ట్రిమ్ (ఇంజిన్ ఇంధనాన్ని ఎంత పెంచుతోందో తగ్గిస్తోందో చూపే శాతం) కూడా చూడండి. మొదటి సెన్సర్‌కి ముందు లీకుంటే గ్యాస్ బయటికి పోవడమే కాదు, పీడనం తగ్గిన క్షణంలో బయటి గాలి లోపలికి కూడా పీల్చుకుంటుంది, సెన్సర్ దాన్ని చూసి ఇంధనం తక్కువైందని చెప్తుంది, ఇంజిన్ అనవసరంగా పెట్రోలు పెంచుతుంది. ట్రిమ్ ప్లస్ 10 శాతం దాటి అక్కడే నిలబడిందన్నా, పి0171 (ఇంధనం తక్కువైందని చెప్పే) కోడ్ వచ్చిందన్నా, ఇంజెక్టర్లు మార్చే ముందు కొత్త జాయింట్లు చూడండి.

ఇప్పుడు అసలు ప్రశ్న, వెనక్కి ఇవ్వాలా బాగు చేయించుకోవాలా. పదును అంచులు, మరలో చుక్క, కొంచెం తేడా ఉన్న బెజ్జం, చిన్న వంకర, ఇవి బాగు చేసుకోవచ్చు. వెల్డింగ్‌లో పగులు, పొట్టి పైపు, సెన్సర్ బెజ్జం తప్పు కోణం, క్యాట్ జాలీ లోపల కదలడం, చిరిగిన ఫ్లెక్సిబుల్, ఇవి వెనక్కే. బాగు చేసుకునేదైనా సరే ముందు షాపతనికి వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో ఫోటోలు పంపి, "అన్నా, ఫ్లాంజ్ 0.3 ఎంఎం వంకరుంది, వెనక్కి పంపమంటారా, ఇక్కడే మిల్లింగ్ చేయించుకుంటే ఖర్చు ఇస్తారా" అని అడిగి, సరే అన్న మాట రాతలో వచ్చాకే చెయ్యి పెట్టండి. ఫోన్‌లో చెప్పిన మాట తర్వాత దొరకదు. ఫోటోలో గ్లాసు, ఫీలర్ గేజ్ రేకు మీద అంకె, పార్టు మీద లేబుల్ మూడూ ఒకే ఫ్రేములో ఉండేలా తియ్యండి.

వెల్డింగ్ చేయించాల్సి వస్తే పార్టుని కారు మీద నుంచి దించి చేయించండి, ఆర్గన్ వెల్డింగ్ చేసే షాపుకే వెళ్ళండి. 304కి 308ఎల్ ఫిల్లర్ రాడ్ (వెల్డింగ్‌లో కరిగించి నింపే కడ్డీ), స్టెయిన్‌లెస్‌ని మామూలు ఇనుముతో కలపాలంటే 309ఎల్, పైపు లోపల కూడా ఆర్గన్ పెట్టమని గుర్తు చెయ్యండి. దించడం కుదరక కారు మీదే చేస్తే బ్యాటరీ నెగటివ్ తీసెయ్యాలి, సెన్సర్లు విప్పెయ్యాలి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట వెల్డింగ్ పెట్టొద్దు, ఆ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. జింక్ పూత ఉన్న బోల్టుల మీద కూడా వద్దు, ఆ పొగకి వెల్డర్‌కి జ్వరం వస్తుంది.

షాపతను మొండికేస్తే చట్టం మీ వైపే ఉంది. ఆన్‌లైన్‌లో కొన్నది లోపంతో వస్తే అమ్మినవాళ్ళు వెనక్కి తీసుకోం అనకూడదని 2020 ఈ-కామర్స్ రూల్స్ చెప్తున్నాయి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. అయినా కదలకపోతే 1915కి ఫోన్ చెయ్యండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంకా ముందుకి వెళ్ళాలంటే మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వెయ్యొచ్చు, అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా సరే, లాయర్ తప్పనిసరి కాదు, 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు, గడువు 2 ఏళ్ళు. అయితే మీరు కొన్నది క్యాట్ లేని పైపో, చెవులు చిల్లులు పడే సైలెన్సరో అయితే వాదించడానికి ముందు ఆలోచించుకోండి, ఆ బండి రోడ్డు మీద తిరగడమే మోటారు వాహనాల చట్టం 190(2) కింద నేరం, మొదటిసారి అయితే 10 వేల దాకా జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు లేదా రెండూ, లైసెన్సు మూడు నెలలు పోతుంది.

అంతా బాగుండి బిగించేసుకున్నా వారం తిరిగాక ఒకసారి బండి చల్లగా ఉన్నప్పుడు కిందకి చూడండి, కొత్త గాస్కెట్ నొక్కుకుపోయి నట్లు కాస్త వదులవుతాయి, టార్క్ రెంచ్‌తో సరిచూడండి. జాయింటు చుట్టూ నల్లటి మసి గీత కనపడితే అక్కడి నుంచి గ్యాస్ కారుతోంది. దాన్ని తుడిచేసే ముందు ఫోటో తీసి, బిల్లుతో పాటు ఆ పాత ఫోటోలన్నీ రెండేళ్ళ దాకా ఫోన్‌లోంచి తీసెయ్యకుండా ఉంచుకోండి.